రంపానికి అవతలి మనిషి

1968 ఆగస్టు 22, గురువారం

ఈ రోజు ఒకటి చూశాను. రాయాలా వద్దా అని, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్న దగ్గర్నుంచీ తర్జనభర్జన పడుతున్నాను. అమ్మతో చెప్పలేదు. ఆఫీసులో చెప్పకూడదు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా చెప్పుకోలేను.

సాయంత్రం లాలాగూడ వైపున్న కట్టెకోత మిల్లుకు వెళ్లాను. నేను పనిలో పెట్టించిన రాజలింగు అక్కడ చేరి నెల కావస్తోంది. దుంగలు దించడం, కోసిన చెక్కలు పేర్చడం అతని పని. మిల్లు యజమాని వెంకటేశం గారు నన్ను చూడగానే కుర్చీ వేయించారు. "మీరు తోలిన మనిషి మంచోడమ్మా. పిలిస్తె పలుకుతడు, చెప్పింది చేస్తడు" అన్నారు. ఆ మాటకు కడుపు నిండిపోయింది.

పని వదిలాక రాజలింగూ నేనూ రైలు పట్టాల వెంట తార్నాక వైపు నడుస్తున్నాం. అతని బస్తీ యూనివర్సిటీ క్యాంపస్ వెనక. కూతురికి మాటలొస్తున్నాయని చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. రెండడుగులు ముందుకు వేసి వెనక్కి తిరిగాను. నాకేసే చూస్తున్నాడు గాని ఆ చూపులో నేను లేను. తర్వాత ఒక అరుపు. మనిషి గొంతులా లేదు. మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోటివెంట నురగ. తల రాళ్లకు తగలకుండా నా చేతిసంచీ కింద పెట్టాను. అంతకుమించి ఏం చెయ్యాలో తెలియలేదు. ఎవరైనా వస్తే బాగుండుననీ, ఎవరూ రాకపోతే బాగుండుననీ రెండూ ఒక్కసారే అనిపించాయి.

లేచాక చాలాసేపు నన్ను పోల్చుకోలేదు. పోల్చుకున్నాక అన్న మొదటి మాట: "సేటుకు చెప్పకుండ్రి అమ్మా."

"చెప్పను" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆగస్టు 23

ఈ రోజు ఏమీ రాయను.

ఆగస్టు 25, ఆదివారం

నా ఉద్యోగం ఏమిటో నాకు నేనే ఒకసారి చెప్పుకుంటే భయం కాస్త తగ్గుతుందేమో.

యూనివర్సిటీలో మా శాఖవాళ్లు ఒక ప్రయోగం పెట్టారు. క్యాంపస్ చుట్టూ ఉన్న బస్తీల్లో పనిలేనివాళ్ల పేర్లు రాసుకుని చీటీలు వేశారు. సగం మందికి ఫలానా చోట పని ఉందని చెప్పి పంపేస్తారు. తక్కిన సగానికి మాలాంటి ఒకరిని తోడు ఇస్తారు. యజమానితో ఎలా మాట్లాడాలో నేర్పడం, మొదట్లో వెంట వెళ్లడం, చేరాక వారం వారం కనుక్కోవడం మా పని. కాగితాల్లో మాకేదో పెద్ద ఇంగ్లీషు పేరుంది. బస్తీలో మాత్రం పని పంతులమ్మ అంటారు. తోడున్నవాళ్లు నిజంగా పని సంపాదించి నిలబెట్టుకున్నారా, తోడు లేనివాళ్లకీ వీళ్లకీ తేడా ఏమన్నా ఉందా అని నవంబరులో బయటివాళ్లెవరో వచ్చి తేలుస్తారు. తేడా ఉంటే పథకం సాగుతుంది, నా ఉద్యోగమూ సాగుతుంది. లేకపోతే డిసెంబరుతో సరి. అమ్మా నేనూ మళ్లీ అన్నయ్య పంచకు చేరాలి.

రాజలింగు పని రంపం దగ్గర కాదు. చెక్కలు పేర్చే షెడ్డు వేరు, రంపం ఉన్న షెడ్డు వేరు. పడినా చెక్కల మీద పడతాడు. చెక్కల మీద పడితే ఏమవుతుంది? దెబ్బ తగులుతుంది. అంతే.

అంతే.

ఆగస్టు 28

అతని భార్య సమ్మక్క క్యాంపస్‌లో కడుతున్న కొత్త హాస్టలు దగ్గర మట్టి మోస్తుంది. మధ్యాహ్నం తిండి వేళకు వెళ్లాను. ఇటుకల దొంతి నీడలో కూర్చుని రొట్టె తింటోంది. నన్ను చూడగానే ఎందుకొచ్చానో తెలుసుకుంది.

"ఎప్పటినుంచీ ఉంది అతనికి?"

"చిన్నప్పటిసంది. పసులు కాసేటప్పుడు చెరువుల పడ్డడంట. ఎవరో జుట్టు వట్టి గుంజిండ్రంట."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు సమ్మక్కా?"

"చెప్తె మీరు పేరు రాసుకుందురా?"

ఆమె రొట్టె తుంచుకుంటూనే చెప్పింది. "మొన్న ఎండకాలం అంబర్‌పేటల సున్నంబట్టీ కాడ చేసిండు. ఒక్కపాలి పడ్డడు. మల్ల గేటు లోపలికి రానియ్యలే. మీరు గిట్ల చెప్తె మా పొయ్యి ఆరిపోతది పంతులమ్మా."

ఏడవలేదు, బతిమాలలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

సెప్టెంబరు 3

రాజలింగును పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆ మాత్రం చెయ్యకపోతే మనసు ఊరుకునేలా లేదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, "నిప్పుకీ, నీళ్లకీ, మిషన్లకీ దూరంగా ఉండాలి" అన్నాడు.

బయటికొచ్చాక రాజలింగు అన్నాడు. "నిప్పు కాడ సమ్మక్కనే ఉంటది. నీళ్లు మా బస్తీకి రానే రావు. మిషను ఆ షెడ్ల ఉన్నది, నేనీ షెడ్ల ఉన్న. ఇంకేం బుగులమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత నవ్వాను.

సెప్టెంబరు 11

మధ్యాహ్నం రాజలింగు శాఖ దగ్గరికే వచ్చాడు. ఇంత వెలుగు అతని మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"సేటును అడిగిన అమ్మా. మీరు నేర్పినట్టే అడిగిన. కాళ్లకెళ్లి చూడకుంట మొకంలకు చూసుకుంట అడిగిన. చెక్కలు పేర్చుడు నేర్చుకున్న, ఇగ రంపం పని నేర్పుండ్రి సేట్ అన్న. సరే అన్నడు. రేపటిసంది రంపం కాడనే."

నిజమే. నేనే నేర్పాను. జూలైలో ఆర్ట్స్ కాలేజీ ముందు గడ్డిలో కూర్చుని, నేను యజమానినై, అతను కూలివాడై, మళ్లీ మళ్లీ చెప్పించాను. "ఇంకా మంచి పని అడగడానికి సిగ్గుపడకూడదు రాజలింగూ."

మా ప్రొఫెసర్ అచ్యుతరామయ్య గారు వరండాలోంచి విని బయటికి వచ్చారు. "చూశావా విశాలాక్షీ, ఇదే మనకు కావలసింది" అని అతని భుజం తట్టారు. వచ్చే నెల ఢిల్లీ నుంచి పథకానికి డబ్బిచ్చే పెద్దలు వస్తారట, వాళ్ల ముందు ఈ మాటలే చెప్పాలట. నేనూ నవ్వుతూనే నిలబడ్డాను.

ఆయన లోపలికి వెళ్లాక మెల్లగా అడిగాను. "మరి అది?"

"మాత్రలేస్కుంటున్న గదమ్మా. మల్ల రానే లే."

సెప్టెంబరు 12

వెళ్లి రంపాన్ని చూశాను. ఇన్నాళ్లూ ఆ షెడ్డులోకి తొంగి కూడా చూడలేదు.

గుండ్రటి రంపం, నా నడుమంత ఎత్తు. తిరిగేటప్పుడు పళ్లు కనబడవు. అంచు నున్నగా, తోమిన పళ్లెంలా మెరుస్తూ ఉంటుంది. దుంగను ఇటునుంచి రాజలింగు నెడతాడు. అటునుంచి సత్తయ్య అనే పాత పనివాడు అందుకుని లాగుతాడు. ఇద్దరికీ మధ్య రంపం. నెట్టేవాడి బలం, లాగేవాడి బలం ఒక్కటిగా ఉండాలట. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినబడదు, కళ్లతోనే చెప్పుకుంటారు.

రాజలింగు నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. నన్ను చూడొద్దని, రంపాన్నే చూడమని చెయ్యి ఊపాను.

సెప్టెంబరు 13

ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 14

ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 17

మిల్లుకు వెళ్లాను. ఏమీ జరగలేదు. వారానికోసారి రావలసిన మనిషి రోజూ వస్తుంటే గుమస్తా చాటుగా నవ్వుతున్నాడు. నవ్వనీ.

సెప్టెంబరు 20

లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత ఇన్నేళ్లుగా వింటున్నాను. దాన్ని బట్టే అమ్మ పొయ్యి మీద ఎసరు పెడుతుంది. ఇప్పుడది కూస్తే చేతిలో ఉన్నది జారిపోతోంది. వీధిలో ఎవరైనా పరుగెత్తితే నాకోసమే వస్తున్నారనిపిస్తోంది.

అమ్మ కనిపెట్టింది. "ఏమిటే, దెయ్యాన్ని చూసినట్టు ఉలిక్కిపడుతున్నావు?" అంది. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, మూర్ఛ ఉన్నవాళ్లకి అది వచ్చేముందు తెలుస్తుందా అని.

"తెలిస్తే మా పిన్ని బతికుండేదే" అంది అమ్మ. చిక్కుళ్లు ఒలుస్తూ చెప్పింది. పెళ్లివారికి ఆ సంగతి చెప్పలేదట. కాపురానికి వెళ్లిన ఏడాదే పొయ్యి దగ్గర పడింది. "చెబితే పెళ్లే కాకపోయేదని ఏడ్చింది మా అమ్మమ్మ. కాకపోతే పోయేది, పిల్ల దక్కేదిగా అన్నాడు తాతయ్య. ఏమనుకుంటే ఏం లాభం, అప్పటికి అయిపోయింది."

లేచి పెరట్లోకి వెళ్లాను. రాజలింగుది వేరు. అతను మాత్రలు వేసుకుంటున్నాడు.

సెప్టెంబరు 24

మాత్రలు వేసుకోవడం లేదు. పొద్దుటి మాత్ర మానేశాడట.

"ఏస్కుంటే కండ్లు మూత పడ్తున్నయమ్మా. రంపం కాడ తూగాల్నా?"

మానొద్దు అన్నాను. అయితే రంపం పని వదిలెయ్యి, పాత పనికే వెళ్లు అన్నాను.

"ఏమని చెప్పాలె సేటుకు? మీరే జెప్పుండ్రి, ఏమని చెప్పాలె?"

చెప్పలేకపోయాను. ఏం మాట్లాడాలో నేర్పేదాన్ని నేనే.

సెప్టెంబరు 26

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

మిల్లు గేటు పక్కన చాయ్ దుకాణం దగ్గర సత్తయ్య నన్ను పిలిచాడు. ఏభై దాటిన మనిషి, మీసాలు తెల్లబడ్డాయి. మాటలు తక్కువ.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. గా పిలగాని కండ్లు ఒక్కోపాలి ఆడనే నిలబడిపోతున్నయ్. దుంగ నూకుడు ఆపుతడు. నేను కేకేస్తె ఉలికిపడ్తడు. మీకేమన్న ఎర్కనా?"

"ఇంట్లో పసిపిల్ల ఉంది కదా. రాత్రిళ్లు నిద్ర ఉండదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట.

"ఔనా. నేనింకేమో అనుకున్న" అన్నాడు. మొహం తేటపడింది. నాకూ ఒక చాయ్ చెప్పాడు. తాగాను.

ఇంతవరకూ చెప్పకుండా ఊరుకున్నాను. ఇవాళ అబద్ధం చెప్పాను. ఈ రెండూ ఒకటి కావు. ఒకటి కావని నాకు తెలుసు.

అక్టోబరు 1, దసరా

మిల్లులో ఆయుధపూజకు రమ్మంటే వెళ్లాను. రంపానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పూజయ్యాక సత్తయ్య అందరికీ జమ్మి ఆకు పంచాడు. "బంగారం తీస్కోండ్రమ్మా" అని నా చేతిలోనూ పెట్టాడు. రాజలింగును దగ్గరికి తీసుకుని అలయ్‌బలయ్ ఇచ్చాడు. ఒకరి భుజం మీద ఒకరి తల.

ఈ రోజు రంపం తిరగదు. కడుపునిండా తిన్నాను.

అక్టోబరు 7

చెప్పేస్తాను. రేపు.

అక్టోబరు 8

ఢిల్లీవాళ్లు శనివారం వస్తున్నారని అచ్యుతరామయ్య గారు చెప్పారు. రాజలింగు చేత మాట్లాడిస్తారు. ఇప్పుడు చెబితే ఆయనకు తలవంపులు. శనివారం కానివ్వాలి.

అక్టోబరు 12, శనివారం

రాజలింగు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి చక్కగా చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. అలిసిపోయాను.

అక్టోబరు 14

సోమవారం పూట ఎందుకని ఊరుకున్నాను. రేపు చెబుతాను.

అక్టోబరు 16

మిల్లు గేటు దగ్గరికి రాకముందే తెలిసింది. చప్పుడు లేదు.

ప్రహరీ పట్టుకుని నిలబడ్డాను. రాజలింగు చచ్చిపోయాడనుకున్నాను. సమ్మక్క మొహమే కళ్లముందు. ఎంతసేపు నిలబడ్డానో, గుమస్తా వచ్చి "లోపలికి రాండ్రమ్మా, ఏం కాలే, ముసలోనికి దెబ్బ తాకింది" అన్నాడు.

దుంగ సగం కోతలో ఉండగా ఓరగా తిరిగి, రంపానికి ఇరుక్కుని, ఒక్క ఊపున అటుపక్కకు తన్నిందట. అటు ఉన్నది సత్తయ్య. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలకూ దెబ్బ. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణానికి భయం లేదట.

"పట్టు జార్చిండు. వయసైంది" అన్నారు వెంకటేశం గారు. "నయమైనంక గూడ ఇంటి కాడనే ఉండుమని చెప్త. ఇగ ఆయనతోని కాదు."

రాజలింగు చెక్కల దొంతి వెనక నేలమీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"నాకేం తెల్వదమ్మా. దుంగ నూకిన. మల్ల చూస్తె అందరు ఉరుకుతున్నరు."

నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ఇన్నాళ్లూ రంపానికి ఇటువైపే చూశాను. అటువైపు ఒక మనిషి ఉన్నాడని నాకు తెలియదా? చాయ్ తాగించాడు. చేతిలో జమ్మి పెట్టాడు.

అక్టోబరు 17

పొద్దున్నే సత్తయ్య ఇంటికి వెళ్లాను. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఒంటిగది ఇల్లు. నులకమంచం మీద భుజమంతా కట్టుతో పడుకుని ఉన్నాడు. భార్య రాములమ్మ నాకు పీట వేసింది.

దెబ్బ గురించి అతను మాట్లాడలేదు. బాగున్న చేతిని మొహం ముందు పెట్టుకుని వేళ్లు ముడుస్తూ, విప్పుతూ చూసుకుంటున్నాడు.

"ఎన్నడు జారలే అమ్మా. నా మీసం రానప్పటిసంది గదే పని. జారినట్టు నాకు యాదికి గూడ లేదు. కని అందరు జారిందంటున్నరు. జారే ఉంటది. ఇగ నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

ఇంటినుంచి బయల్దేరినప్పుడు అతనితో చెప్పాలని నేను అనుకోలేదు. చూసి వద్దామనే వచ్చాను.

"సత్తయ్యా, నీ చెయ్యి జారలేదు" అన్నాను.

అంతా చెప్పాను. పట్టాల పక్కన పడిపోవడం, మాత్రలు, నేను ఆడిన అబద్ధం, అన్నీ. రాములమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. సత్తయ్య నన్ను తిట్టలేదు. కప్పుకేసి చూశాడు. ఆ తర్వాత అన్నాడు.

"గా దినం నేను అడిగిన గదమ్మా."



అక్టోబరు 18

ముందు రాజలింగు దగ్గరికి వెళ్లాను. ఇద్దరం కలిసి వెళ్లి సేటుకు చెబుదాం అన్నాను. తల వంచుకుని కూర్చున్నాడు. సమ్మక్క గడపలోకి వచ్చింది.

"మాట ఇచ్చిండ్రు మీరు."

"ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది."

"మీకు నౌకరి ఉన్నది, ఏమన్న అంటరు" అని పిల్లనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒక్కదాన్నే మిల్లుకు వెళ్లాను. అంతా చెప్పాను. వెంకటేశం గారు విని, చేతిలో కలం కింద పెట్టారు.

"మీకెప్పటిసంది ఎర్క?"

"ఆగస్టు నుంచీ."

"రంపం మీద పెట్టింది గా తర్వాతనే గద. మీరు రోజు వచ్చి చూసిండ్రు."

"చూశాను."

"మంచి నౌకర్లేమో మీ ఆంధ్ర దిక్కోళ్లకు, రంపం కాడి పని మావోళ్లకు. దాంట్ల గూడ నిజం చెప్పరు." గొంతు పెంచలేదు. "సత్తయ్యను నయమైనంక తీస్కుంట. గా పిలగాన్ని రావద్దని చెప్పుండ్రి. మీరు ఇంకెవర్నీ నా కాడికి తోలకుండ్రి."

ఆయనన్న దానిలో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు.

అక్టోబరు 19

అచ్యుతరామయ్య గారు తలుపు వేయించి మాట్లాడారు. "తొందరపడ్డావు విశాలాక్షీ. చెప్పొద్దనను. నవంబరు దాటాక చెప్పాల్సింది."

ఆయన మీద కోపం రావాలి. రాలేదు. రెండు నెలలుగా నాలో నేను అనుకుంటున్న మాటే ఆయన పైకి అన్నారు.

అక్టోబరు 21, దీపావళి

టపాకాయ పేలినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. జరగాల్సింది జరిగిపోయాక ఇంకా దేనికి భయం?

బస్తీ వైపు వెళ్లలేకపోతున్నాను. వాళ్లింట్లో పొయ్యి వెలుగుతోందో లేదో చూడాలంటే భయం.

నవంబరు 12

తేల్చడానికి వచ్చినావిడ పేరు కమలాదేవి. నల్లకుంటలో ఉంటారట. సన్నగా, నెమ్మదిగా మాట్లాడతారు. దారి చూపించమంటే బస్తీకి వెంట వెళ్లాను. రాజలింగు ఇంటి ముందు నన్ను బయటే ఆగమన్నారు. తడిక వెనక నిలబడితే అన్నీ వినబడుతున్నాయి.

"తోడు ఇచ్చినందుకు మీకు మేలయిందా సమ్మక్కా?"

"పని ఆమెనే ఇప్పిచ్చింది. ఆమెనే తీసేసింది. మేలో కీడో మీరే లెక్క చేస్కోండ్రి."

కమలాదేవి గారూ నేనూ తిరిగి వచ్చాం. యూనివర్సిటీ రోడ్డు ఎక్కాక నేనే అడిగాను, అతన్ని లెక్కలో ఎటువైపు వేస్తారని.

"పని లేనివాళ్ల వైపు. ఎందుకు పోయిందో కింద రాస్తాను. దాన్నెవరూ చదవరు. అయినా రాస్తాను." కొంతదూరం నడిచాక మళ్లీ అన్నారు. "మీరు అతనికి మాట్లాడటం బాగా నేర్పారు. సేటు మొహంలోకి చూసి పని అడగడం నేర్పారు. నాకీ జబ్బు ఉంది, ఈ పనైతే చెయ్యగలను, ఆ పని చెయ్యలేను అని చెప్పడం మాత్రం నేర్పలేదు."

"అలా చెబితే ఎవరిస్తారండీ పని?"

"ఏమో. మీరు అడిగి చూడలేదుగా."

నవంబరు 20

శాఖ మెట్ల దగ్గర రాజలింగు నిలబడి ఉన్నాడు. ఒక్క నెలలో చిక్కి సగమయ్యాడు. నాకు కొడతాడేమోనన్నంత భయం వేసింది. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

"సత్తయ్య కాడికి పోయిన" అన్నాడు. "కాళ్లు మొక్కిన. నీకు రోగముంటె రోగమని చెప్పాలెరా, సిగ్గేంది, అని తిట్టిండు. మల్ల సల్ల తాగిపిచ్చిండు." మెట్టు మీద కూర్చున్నాడు. "యాడన్న పని అడుగుదామమ్మా. ఈ పాలి ముందుగాలనే చెప్పి అడుగుత. కని నాకు గా మాట నోట్లెకెళ్లి ఎల్లుతలేదు. మీరు రావాలె."

సమ్మక్కకు తెలుసా అని అడిగాను. ఆమెనే పంపిందన్నాడు.

నవంబరు 25

గోదాము దగ్గర మాట పూర్తికాకముందే వద్దన్నారు. అచ్చాఫీసులో పూర్తిగా విని వద్దన్నారు. చెప్పేటప్పుడల్లా రాజలింగుకు చెమటలు పట్టాయి, నాకూ పట్టాయి. బయటికొచ్చాక "రెండోపాలి మంచిగ చెప్పిన గద" అని అడిగాడు. బాగా చెప్పావన్నాను. నిజమే, బాగా చెప్పాడు.

నవంబరు 29

క్యాంపస్ తోటపనికి మనుషులు కావాలంటే వెళ్లాం. తోట మేస్త్రీ బుచ్చిరాములు నారుమళ్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

రాజలింగు నావైపు చూడకుండా తానే మొదలుపెట్టాడు. "నాకు మూర్ఛ ఉన్నది. చెప్పకుంట వస్తది. పడ్త, కొంచెంసేపైనంక లేస్త. మిషను కాడ పని చెయ్యద్దు. పార పని, గడ్డపార పని మంచిగ చేస్త."

బుచ్చిరాములు నారు పీకుతూనే విన్నాడు. 

"మా మ్యానమామకు ఉండె" అన్నాడు చివరికి. "బాయి కాడికి పోకు. చెట్టెక్కకు. కత్తెర ముట్టకు. మాతోని చెప్పకుంట ఒక్కనివే ఏ మూలకు పోకు. రేపు రా, చూస్త."

డిసెంబరు 10

కమలాదేవి గారి నివేదిక వచ్చింది. తోడున్నవాళ్లకు పని తొందరగా దొరికింది. నిలబెట్టుకోవడంలో మాత్రం పెద్ద తేడా లేదు. మరికొంత కాలం నడిపి చూస్తే గాని ఏమీ తేల్చలేమని రాశారు. డబ్బిచ్చేవాళ్లు మొదటి రెండు వాక్యాలే చదివారు. ఈ నెలాఖరుతో మా పోస్టులు రద్దు.

అమ్మతో చెప్పాను. "సరేలే, మీ అన్నయ్య ఇంట్లో మూల ఉంది" అంది. కళ్లు తుడుచుకోవడం చూశాను.

సత్తయ్య మిల్లుకు వెళుతున్నాడట. ఆ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. చెక్కలు లెక్కపెట్టే పని ఇచ్చారు. చూడటానికి వెళితే పీట వేశాడు, మాట్లాడాడు. చాయ్ మాత్రం చెప్పలేదు.

డిసెంబరు 19

గదిలో నా సామాను సర్దుకుని మధ్యాహ్నం బయటికి వచ్చాను. తోటలో గులాబీ మళ్ల దగ్గర పదిమంది దాకా తవ్వుతున్నారు. వాళ్లలో రాజలింగు. పలకరిద్దామని అటు తిరిగాను.

పారమీద అతని చేతులు ఆగిపోయాయి. తెలిసిపోయింది నాకు. అరుపు వినబడేలోపలే చేతిలో సామాను అక్కడే వదిలేసి పరుగెత్తాను. చెప్పు తెగింది. వరండాలో కుర్రవాళ్లు చూస్తున్నారు. రాయి ఉంటుందేమో, పార మీద పడతాడేమో, నీళ్ల కాలువ ఎంత దూరంలో ఉందో. ఆగస్టు నుంచీ మోసిన భయమంతా ఆ కాస్త దూరంలో మళ్లీ నా మీద పడింది.

నేను వెళ్లేసరికి ఎవరో అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టారు. తలకింద రుమాలు మడిచి పెట్టారు. పక్కనున్న ముసలామె పారను తీసి అవతల గట్టుకు ఆనించి, వచ్చి మళ్లీ తన పాదు తవ్వుకుంటోంది. తక్కినవాళ్లు కూడా తవ్వుతున్నారు. ఒకతను బీడీ వెలిగించుకున్నాడు.

బుచ్చిరాములు మొక్కలకు నీళ్లు పోస్తూ నాకేసి చూశాడు.

"గంతగనం ఎందుకు ఉర్కుతున్నరమ్మా" అన్నాడు. "లేస్తడు."